మంచి పొగ

ముక్కును పక్కనపెట్టి అమ్మమ్మ గురించి చెప్పడం కుదరని పని. సందు మలుపు తిరిగేటప్పుడు ముందు ముక్కు కనిపించేది, కాసేపాగి అమ్మమ్మ కనిపించేది. అంత పొడుగు ముక్కు వాళ్ళ వంశంలో ఇంకెవరికీ లేదు. తమకు రానందుకు మనవరాళ్ళు ఇప్పటికీ సంతోషిస్తుంటారు. కానీ ఆ ముక్కుతోనే ఆమె ముప్పై ఆరేళ్ళు ఇల్లు నడిపింది. ప్లాస్టిక్ తుక్కు షెడ్డులో ఆమె పని వాసన చూడటం.

ఊరంతా ఏరిన తుక్కు లారీల్లో వచ్చి షెడ్డు నడిమధ్య గుట్టగా పడుతుంది. పదిహేనుమంది ఆడవాళ్ళు దాని చుట్టూ గొంతుక్కూర్చుని మూతలు ఒకవైపు, సీసాలు ఒకవైపు, సంచులు ఒకవైపు విసురుతుంటారు. చూడగానే పోల్చుకునేవి వాళ్ళే తేల్చేస్తారు. విరిగినవి, రంగు వెలిసినవి, ఒకప్పుడు ఏ వస్తువులో భాగమో చెప్పలేనివి అమ్మమ్మ దగ్గరికొస్తాయి. ఆమె తలుపు పక్కన, బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుంటుంది. ముక్క అంచుకు లైటరు అంటించి, మంట ఊదేసి, లేచిన పొగ కొసను అరచేత్తో ముక్కు కిందికి తోసుకుంటుంది. ఆర్పిన కొవ్వొత్తి వాసన వస్తే పాల సంచుల జాతి. కాలిన వెంట్రుకల వాసన వస్తే వలల జాతి, తాళ్ళ జాతి. ముక్కుపుటాలు కోసేసే ఘాటు వస్తే పైపుల జాతి. దాన్ని దూరంగా విసిరేయాలి. అది ఒక్క పిడికెడు కలిసినా కరిగించిన సరుకంతా పాడైపోతుంది.

ఈ విద్య నేర్పింది పాత మేస్త్రీ. కొత్తగా చేరిన రోజుల్లో రెండు వారాలు ఆమె కళ్ళకు గుడ్డ కట్టి మరీ నేర్పాడు. "కళ్ళు రంగు చూసి మోసపోతాయి పిల్లా. ముక్కుకి రంగు తెలీదు, అందుకని అబద్ధం చెప్పదు" అనేవాడు. ఆ మేస్త్రీ దగ్గి దగ్గి యాభై దాటకుండానే పోయాడు. సిగరెట్ల వల్లే పోయాడని అందరూ అనుకున్నారు. అమ్మమ్మ కూడా అలాగే అనుకుంది. ఆయన రోజుకు రెండే కాల్చేవాడన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

సరుకంతా జాతులవారీగా తేలాక చివరికి ఏ జాతికీ చెందనివి కొన్ని మిగులుతాయి. లోపల వెండిలా మెరిసే పొట్లాలు, కాగితం అంటుకుపోయిన సంచులు, మూడు నాలుగు రకాలు కలిపి అతికించిన పొరలు. వాటిని ఎవరూ కొనరు. షెడ్డులో వాటిని దిక్కులేనివి అంటారు. షెడ్డు వెనకాల ఒక గొయ్యి ఉంది. సాయంత్రం ఐదింటికి దిక్కులేనివన్నీ అందులో పోసి తగలబెట్టడం మేస్త్రీ కాలం నుంచీ ఉన్న పద్ధతి. లైటరు అమ్మమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి అంటించేది ఆమే. గొయ్యి అవతల నడుమెత్తు గోడ, గోడ అవతల పనివాళ్ళ గదుల వరస. అందులో నాలుగో గది అమ్మమ్మది. కూతురు, ఇద్దరు మనవరాళ్ళు, తను. అల్లుడు దూరంగా లారీ మీద ఉంటాడు, నెలకోసారి వస్తాడు.

మంట అంటించాక అమ్మమ్మ గొయ్యి గట్టున నిలబడి గాలిని రెండుసార్లు లోపలికి పీల్చేది. ఘాటు తగిలితే చాలు, "చెడ్డ పొగ! తలుపులు తీయకండి!" అని అరిచి, రెండు బకెట్లు నీళ్ళు కుమ్మరించి, కర్రతో కెలికి, పైపుల జాతిని దొంగను పట్టినట్టు పట్టి బయటికి లాగేది. ఘాటు తగలకపోతే వరసవైపు తిరిగి చెయ్యి ఊపి, "మంచి పొగే!" అనేది. ఆ మాట వినగానే తలుపులు తెరుచుకునేవి. పిల్లలు బయట ఆడుకునేవాళ్ళు, బట్టలు తీగ మీదే ఆరేవి. షెడ్డులో పుట్టి పెరిగిన లెక్క అది. వాసన చెడ్డదైతే పొగ చెడ్డది, వాసన లేకపోతే మంచిది. ఇందులో అనుమానపడాల్సింది ఏముందని ఎవరికీ తోచలేదు. కొత్తగా దిగినవాళ్ళు ఎవరైనా ముక్కు మూసుకుంటే, "ఊరికే భయపడకండి, ముక్కమ్మ ఊఁ అంది" అని పాతవాళ్ళు ధైర్యం చెప్పేవాళ్ళు. వరసంతా ఆమెను ముక్కమ్మ అనే పిలిచేది. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె కోపం నటించేది గానీ మెడ మాత్రం ఓ అంగుళం పైకి లేచేది.

పోయినేడు వానలు వెలిశాక ఆమె కొత్త మాట ఎత్తుకుంది.

"కంపెనీవాళ్ళకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే. సరుకు బాగుచేశారు. ఇదివరకటిలా కంపు కొట్టడమే లేదు. చూడు, ఎంత మంచి పొగో!"

"నాకు కళ్ళు మండిపోతున్నాయి పిన్నీ" అంది మూడో గది ఆవిడ చంకలో బిడ్డతో.

"నిద్ర చాలక మండుతున్నాయి. రాత్రిళ్ళు ఆ ఫోను పక్కన పెట్టి పడుకో."

వారం, పది రోజులు ఆమె ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మింది. ఒక పొద్దున పొయ్యి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే, వీధి కుళాయి దగ్గర్నుంచి పెద్ద మనవరాలు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, పాలు! కుళాయి దాకా కొడుతోంది మాడు వాసన, పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావు? ముక్కు అద్దెకిచ్చావా ఏంటి?"

అమ్మమ్మ గిన్నెలోకి వంగి చూసింది. అడుగున నల్లటి పొర. ముఖం దగ్గరికి పెట్టుకుని గట్టిగా పీల్చింది. వెచ్చగా తగిలింది, అంతే. అప్పుడు అర్థమైంది ఆమెకి, కంపెనీవాళ్ళకి ఏ బుద్ధీ రాలేదని.

"పరధ్యానంలో ఉన్నాను. పెద్దదాన్నైపోయాను, ఆ మాత్రం ఉండదా?" అంది. గిన్నె తోముతున్నంతసేపూ పీలుస్తూనే ఉంది. సబ్బు పీల్చింది, బూడిద పీల్చింది, తడిసిన కొంగు పీల్చింది.

ఆ రోజు నుంచి డబ్బా మీద కూర్చున్నది నిజానికి ఆమె కళ్ళు. మేస్త్రీ వద్దన్న పనే చేసింది. మంట అడుగున నీలంగా ఉండి చుక్కలు చుక్కలుగా కారితే పాల సంచుల జాతి. నల్లటి మసి దారాల్లా ఎగిరితే పెళుసు డబ్బాల జాతి. అంచున ఆకుపచ్చ తళుక్కుమని, లైటరు తీయగానే తనంతట తను ఆరిపోతే పైపుల జాతి. అలవాటుగా అరచేత్తో పొగను ముక్కు కిందికి తోసుకుని, తల పంకించి, ముక్కను విసిరేది. నూటికి తొంభై సరిగ్గానే పడేవి. చిన్న ముక్క సంగతి సరే. గోతిలో ఇంతెత్తున లేచే మంటలో ఏ రంగు ఏ మూల ఉందో పట్టడం ఎవరి తరం? రోజూ ఐదింటికి రెండుసార్లు పీల్చి, చెయ్యి ఊపి, "మంచి పొగే" అనేసేది. తలుపులు తెరుచుకునేవి.

చలికాలం మొదట్లో చిన్న మనవరాలికి దగ్గు పట్టుకుంది. నాలుగేళ్ళ పిల్ల. అందరూ చిట్టి అంటారు. పగలంతా చిందులేసేది. సాయంత్రం అయ్యేసరికి ఛాతీలో పిల్లనగ్రోవి మోగేది. చలికన్నారు, ఐసన్నారు, గోడకి చెమ్మన్నారు. చలి పోయింది, ఎండలొచ్చి వెళ్ళాయి, మళ్ళీ వానలు పడ్డాయి, దగ్గు మాత్రం పోలేదు. చివరికి కూతురు ఒక పూట పని మానేసి చిట్టిని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది. అమ్మమ్మ కూడా వెళ్ళింది. పిల్లని ఎత్తుకోవడానికని చెప్పింది.

అక్కడి నర్సు చిట్టి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ పొగ ఉందామ్మా?"

"ఉందండీ. కానీ మంచి పొగే" అంది కూతురు.

నర్సు కలం ఆగింది. "మంచి పొగేంటి?"

"మా అమ్మ రోజూ వాసన చూసి చెప్తుందండీ. చెడ్డదైతే వెంటనే ఆర్పించేస్తుంది. ముప్పై ఏళ్ళ పైబడ్డ అనుభవం తనది."

నర్సు అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ గోడ మీద గడియారం వైపు చూసింది.

"ఏం కాలుస్తారు?"

"ప్లాస్టికండీ. ఎవరూ కొననిది."

"చూడండమ్మా" అంది నర్సు కలం పక్కన పెట్టి. "ముక్కుకి తెలిసేది కొంచెమే. వాసన లేనిది కూడా లోపలికి పోయి కూర్చుంటుంది. మీకు రెండు రకాల పొగలున్నాయేమో గానీ, ఈ పిల్ల ఛాతీకి ఒకటే రకం. ఆ టైముకి పిల్లని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి."

"ఆ చుట్టుపక్కలే మా ఇల్లండీ" అంది కూతురు.

నర్సు బల్ల సొరుగు తెరిచింది. మూతికి పెట్టుకుని పీల్చే మందు పంపు ఒకటి ఇచ్చి, ఎలా నొక్కాలో మూడుసార్లు చూపించింది.

తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మ చిట్టిని భుజాన వేసుకుని ముందు నడిచింది. "నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినట్టుంది. సూదులు గుచ్చుకోక పొగ సంగతి దానికెందుకు?" అంది. తన గొంతు తనకే నచ్చలేదు.

"అదే కదా. నీ ముక్కు ముందు ఆవిడెంతలే అమ్మా" అంది కూతురు.

దారి పొడవునా చిట్టి ఊపిరి అమ్మమ్మ చెవి పక్కనే కూత వేస్తూ ఉంది. మిగతా దారంతా అమ్మమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె నోరు అంతసేపు మూసి ఉండటం వరస చరిత్రలో అదే మొదటిసారి.

మనవరాళ్ళకీ అమ్మమ్మకీ మధ్య ఒక పాత ఆట ఉంది. అమ్మమ్మ కళ్ళు మూసుకోవాలి, ముక్కు కింద ఏదో ఒకటి పెడతారు, అదేంటో చెప్పాలి. పెద్ద మనవరాలు తన చిన్నప్పుడు తాళంచెవి పెట్టినా, తడిసిన కాగితం పెట్టినా, చెప్పుల అడుగు పెట్టినా ఓడించలేకపోయింది. (చెప్పుల అడుగు పెట్టినందుకు వీపు మాత్రం మోగింది.) బడి తొమ్మిదో తరగతిలో మానేసినా ఆ ఆట మానలేదు. ఈ మధ్య అమ్మమ్మే "పనుంది పొండి" అని తప్పించుకుంటోంది. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన ఆ సాయంత్రం చిట్టి మూతికి పంపు పెట్టించుకుంటూ మారాం చేసింది.

"అమ్మమ్మ ఆడితేనే మందు పీలుస్తా."

తప్పలేదు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. చిట్టి వంటింటి మూల నుంచి సగం కోసిన ఉల్లిపాయ తెచ్చి, ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టింది. అమ్మమ్మ పీల్చింది. మళ్ళీ పీల్చింది. నుదురు ముడిపడింది.

"సబ్బు" అంది.

చిట్టి పడీపడీ నవ్వింది. "సబ్బంట! అక్కా, సబ్బంట!" ఆ నవ్వు దగ్గయింది, దగ్గు కూతైంది, పంపు రెండుసార్లు నొక్కితే గానీ తగ్గలేదు. గిన్నెలు తోముతున్న పెద్ద మనవరాలు నవ్వలేదు. చేతులు తుడుచుకుని వచ్చి అమ్మమ్మ ఎదురుగా కూర్చుంది. చిట్టి మంచం మీద వాలిపోయే దాకా ఆగింది.

"ఎప్పట్నుంచి అమ్మమ్మా?"

"ఏది?"

"ముక్కు."

"పుట్టినప్పట్నుంచీ ఉంది."

"ఉన్న సంగతి వీధి చివర్నుంచే కనపడుతుందిలే. పని మానేసి ఎన్నాళ్ళైంది?"

అమ్మమ్మ చేతిలో ఉల్లిపాయను అటూ ఇటూ తిప్పింది. "పాలు మాడిన రోజు తెలిసింది. అంతకుముందు ఎప్పుడు పోయిందో తెలీదు. పదకొండు నెలలై ఉంటుంది."

"మరి రోజూ మంచి పొగే, మంచి పొగే అంటున్నావు?"

"అంచనాగా."

"అంచనాగానా!"

"మెల్లిగా, అమ్మ వింటుంది." అమ్మమ్మ గొంతు తగ్గించింది. "ఆ డబ్బా మీంచి లేపేస్తే గుట్ట దగ్గర కూర్చోవాలి. ఈ మోకాళ్ళతో. పోనీ కూర్చుంటాననుకో. ఈ వరసలో ఒక్కొక్కళ్ళ మొహం ఎలా చూడనే? నా మాట మీద తలుపులు తీసినవాళ్ళు. మీ అమ్మ మొహం ఎలా చూడను? ఎవరికీ చెప్పకు తల్లీ. చెప్పనని ఒట్టెయ్యి."

నోట్లో నువ్వుగింజ నానని పిల్లకి ఒట్టెయ్యమని చెప్తోంది. ఆ పిల్ల ఒట్టు వేయలేదు, కాదనీ అనలేదు. మంచం మీద చిట్టి ఊపిరి వింటూ కూర్చుంది. అమ్మమ్మ కూడా వింది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక చప్పుడు, బయటికొచ్చేటప్పుడు ఇంకో చప్పుడు.

మర్నాడు లారీలో వైర్ల తుక్కు వచ్చింది. రాగి తీసేసుకుని ఎవరో వదిలేసిన పై తొడుగులు, అవీ పైపుల జాతే. ఎవరు ఎప్పుడు కలిపారో, అందులో కొన్ని దిక్కులేనివాటిలో పడ్డాయి. ఐదింటికి అమ్మమ్మ లైటరు అంటించింది. మంట భగ్గుమంది. గోడ అవతల మూసి ఉన్న తలుపుల వెనక అందరూ ఎదురుచూస్తున్నారు. మూడో గది ఆవిడ కిటికీ సందులోంచి కేకేసింది.

"ఏం పిన్నీ, మంచిదేనా? పిల్లాడు ఉక్కకి ఏడుస్తున్నాడు, బయట పడుకోబెడతా!"

అమ్మమ్మ అలవాటుగా రెండుసార్లు పీల్చింది. ఏమీ లేదు. చెయ్యి ఊపడానికి సగం లేపింది. అప్పుడు కనపడింది, మంట ఎడమ పక్క అంచున ఆకుపచ్చ. ఒక్క క్షణం మెరిసి పోయింది. మళ్ళీ మెరిసింది. ఇవాళ తను చూసింది కాబట్టి ఉందని తెలిసింది. చూడని రోజుల్లో ఎన్నిసార్లు మెరిసిందో! నాలుగో గది గడప మీద చిట్టి ఓరగా ఉన్న తలుపుకి రెండు చేతులూ ఆనించి, పూర్తిగా తెరవమనే మాట కోసం అమ్మమ్మ వైపే చూస్తోంది.

లేపిన చెయ్యి కిందికి దిగింది.

"నాకు తెలీదు" అంది అమ్మమ్మ.

"ఏంటి పిన్నీ, వినపడలేదు!"

"నాకు తెలీదంటున్నాను! చిట్టీ, లోపలికి పో! ఎవరూ తలుపులు తీయకండి! నాకు ముక్కు పోయి పదకొండు నెలలైంది. మీకు చెప్పలేదు."

మూడో గది ఆవిడ తలుపు తీసుకుని బిడ్డతో సహా బయటికే వచ్చేసింది.

"అంటే ఇన్నాళ్ళూ నా బిడ్డని బయట పడుకోబెట్టింది నీ అంచనా మీదా?"

"అవునమ్మా."

అరుపులు విని షెడ్డులోంచి జనం వచ్చారు. కూతురు వచ్చింది. తల్లి ముఖం చూసింది, మంట చూసింది. బకెట్ ఎత్తి నీళ్ళు కొట్టింది, ఖాళీ బకెట్ పెట్టి ఇంకోటి ఎత్తింది. ఆ తర్వాత నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. అన్నం మాత్రం వడ్డించింది.

ఓనరు చివర్న వచ్చాడు. తండ్రి పోయాక షెడ్డు చూసుకుంటున్న కుర్రాడు. అమ్మమ్మ అతన్ని లాగు వేసుకున్నప్పట్నుంచీ ఎరుగును.

"ముక్కు పోతే డాక్టరుకి చూపించుకోవాలి గానీ మంటెందుకు ఆర్పించావు పెద్దమ్మా? ఈ పదకొండు నెలల సంగతి పక్కన పెట్టు. అంతకుముందు ముప్పై ఏళ్ళూ మంచి పొగే కదా?"

అమ్మమ్మ తడిసిన బూడిద వైపు చూసింది. నర్సు మాట, మేస్త్రీ దగ్గు, చిట్టి కూత, అన్నీ ఒకచోట చేరినట్టున్నాయి.

"అప్పుడు కూడా నాకు తెలిసింది వాసనే బాబూ. పొగ సంగతి నాకెప్పుడూ తెలీదు. మేస్త్రీకీ తెలీదు. తెలిసినట్టు చెప్పాం."

"మరి ఈ దిక్కులేనివి ఎక్కడ పెట్టను? నా నెత్తిన పెట్టుకోనా?"

"మీ ఆఫీసు గది పక్కన పెట్టుకోండి. మా గదులకన్నా అది చాలా పెద్దది" అంది మూడో గది ఆవిడ. తిట్టాల్సిన మనిషిని పక్కకి తోసి మరీ అంది.

అక్కడే పెట్టారు. మూడు రోజులకి సంచులు ఆఫీసు కిటికీ దాకా వచ్చాయి. ఆరో రోజు ఓనరు తనే లైటరు పట్టుకుని గొయ్యి దగ్గరికి నడిచాడు. గుట్ట చుట్టూ ఉన్న పదిహేనుమంది ఆడవాళ్ళూ లేచి వెళ్ళి గొయ్యి గట్టున నిలబడ్డారు. అతను ఇబ్బందిగా అలవాటు ప్రకారం అమ్మమ్మ వైపే చూశాడు.

"మంచిదేనని ఒక్క మాట అను పెద్దమ్మా."

"అనను బాబూ."

అతను లైటరు జేబులో పెట్టుకున్నాడు. ఆ పై వారం ఒక లారీ వచ్చి సంచులు తీసుకెళ్ళింది. అప్పట్నుంచి పదిహేను రోజులకోసారి వస్తోంది. ఎక్కడికి తీసుకెళ్తుందో వరసలో ఎవరికీ తెలీదు. ఇంకో గోడ పక్కన ఇంకో గొయ్యి ఉందేమో, అక్కడ కూడా ఎవరో ఒక ముక్కమ్మ చెయ్యి ఊపుతోందేమోనని అమ్మమ్మ అప్పుడప్పుడు అంటుంది. డ్రైవర్ని రెండుసార్లు అడిగింది. అతను చెప్పలేదు. ఆమె అడగడం మానలేదు.

రంగు డబ్బా పోయింది. దాని చోట నీళ్ళ తొట్టి పెట్టారు. ముక్కలు అందులో వేస్తే తేలేవి తేలతాయి, మునిగేవి మునుగుతాయి. లైటరు అక్కర్లేదు. అమ్మమ్మ గుట్ట దగ్గర, అందరికన్నా చివర్న, కాళ్ళు చాపుకుని మూతలు ఏరుతుంది. లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. ముక్కమ్మ అని పిలవడం మానేశారు. మొదట్లో కోపంతో మానేశారు, తర్వాత మొహమాటంతో. మూడో గది ఆవిడ రెండు నెలలు పలకరించలేదు. ఒకరోజు అమ్మమ్మ లేవలేక అవస్థ పడుతుంటే వచ్చి, మాట్లాడకుండానే చెయ్యి అందించింది. ముక్కు తిరిగి రాలేదు. చిట్టి దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పంపు గూట్లోనే ఉంది.

ఇప్పటికీ ఐదయ్యేసరికి అమ్మమ్మ కాళ్ళు గొయ్యి వైపే నడుస్తాయి. గట్టున నిలబడి, చిట్టిని కొంగు పట్టుకోమని, కళ్ళు మూసుకుంటుంది. ఆ మధ్య ఒకరోజు పెద్ద మనవరాలు గోడ మీంచి కేకేసింది.

"ఏంటమ్మమ్మా, గాలి ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"నీకెలా తెలుసు? ఉల్లిపాయని సబ్బన్నదానివి!"

అమ్మమ్మ వేలు నోటి మీద పెట్టుకుని ఊరుకోమంది. ఆమె చెవి పక్కకి వంగి ఉంది, కొంగు పట్టుకున్న పిల్ల వైపు. చిట్టి ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్ళీ పీల్చింది. అమ్మమ్మ ఇంకా వింటూనే ఉంది.